చదరంగ వీరుడు మీర్ సుల్తాన్ ఖాన్

చదరంగము భారతదేశమున పుట్టి, పారశీకము మీదుగా అరబ్బుల చేతబడి, వారి వలన ఐరోపాకు చేరిన ఆట యని చరిత్రకారులు చెప్పుదురు. చతురంగము, షత్రంజ్, చెస్ అని దేశ దేశమున దాని పేరు మారినది. పేరుతోపాటు నియమములును మారినవి. అట్లు వేయి సంవత్సరములకు పైగా దేశాటనము చేసి రూపుమారిన ఆ ఆటలో, పుట్టినింటి పద్ధతిని మాత్రమే ఎరిగిన ఒక పంజాబు యువకుడు సముద్రము దాటి పోయి, ఐరోపావారి గడ్డమీద, ఐరోపావారి నియమములతోనే ఆడి, మేటి ఆటగాండ్రను ఓడించెను. ఆయన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. గ్రంథాలయములలో పత్రికల బల్ల ప్రక్కనే చదరంగపు బల్లయు ఉండుట చిరకాలపు వాడుక. కనుక ఈ మహనీయుని కథ ఈ రజతోత్సవ సంచికలో చోటుచేసుకొనుట అనుచితము కాదని తలచుచున్నాను.

సుల్తాన్ ఖాన్ 1903 ప్రాంతమున, నాటి అవిభక్త పంజాబులో షాపూరు జిల్లాకు చేరిన మిఠా తివానా గ్రామమున జన్మించెను. ఆ ఊరు నేడు పాకిస్తానులో ఖుషాబ్ జిల్లాయందున్నది. తండ్రి మియాన్ నిజాముద్దీన్ మతగురువుగా ఆ ప్రాంతమున గౌరవము పొందినవాడు, చదరంగమునందును నేర్పరి. కుమారునకు తొమ్మిదవ యేట ఆయనయే ఆట నేర్పెను. ఇరువది యొకటవ యేడు వచ్చుసరికి పంజాబు మొత్తమున ఈ యువకునితో సరితూగువారు లేరని ప్రఖ్యాతి కలిగెను.

ఆయన నేర్చినది దేశీయ పద్ధతి. మన పల్లెలలో అరుగులమీద బొగ్గుతో గళ్లు గీసి ఆడిన పెద్దలకు ఆ పద్ధతి తెలిసినదే. ప్రాంతమునకొక తీరున్నను ప్రధానమైన భేదములు ఇవి. ఐరోపా ఆటలో బంటు మొదటి ఎత్తున రెండు గళ్లు పోవచ్చును. దేశీయ ఆటలో ఒక్క గడియే పోవలెను. ఐరోపాలో రాజును ఏనుగును ఒకే ఎత్తున కదిపి కోట కట్టుదురు. ఇచ్చట ఆ సౌకర్యము లేదు, రాజు ఆట మొత్తమున ఒక్కసారి గుర్రపు గంతు వేయవచ్చును. బంటు కడపటి వరుసకు చేరినప్పుడు ఐరోపాలో కోరిన బలముగా మారును. ఇచ్చట ఏ బలమునకు చెందిన గడిలో కాలుపెట్టెనో ఆ బలముగానే మారును. ఈ భేదములు చిన్నవిగా కనబడవచ్చును కాని, ఆటయొక్క నడకయే వీని వలన మారిపోవును. దేశీయ ఆటలో ఆరంభము మెల్లగా సాగును. సేనలు ఒకదానినొకటి తాకుటకు ముందు చాల ఎత్తులు గడచును. తొందరపాటు పనికిరాదు. సుల్తాన్ ఖాన్ ఆటలో కడవరకు నిలిచిన ఓర్పునకు మూలము ఇచ్చటనే వెదకవలెనని నా అభిప్రాయము.

షాపూరు జిల్లాలో కల్రా జాగీరునకు అధిపతి సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా. సైనికుడు, ఆంగ్ల ప్రభుత్వమునకు ఆప్తుడు, క్రీడాభిమాని. ఆయన సుల్తాన్ ఖాను ప్రతిభను విని, తన ఆశ్రయమునకు రప్పించి, వేతనమేర్పరచి, తన జాగీరులో చదరంగపు జట్టు నొకదానిని కూర్చుమని కోరెను. ఐరోపా నియమములను సుల్తాన్ ఖాన్ అభ్యసించినది అప్పుడే, అనగా 1926 ప్రాంతమున. రెండేండ్లు గడచినవో లేదో, 1928లో జరిగిన అఖిల భారత పోటీలో ఆయన ఎనిమిది ఆటలు గెలిచి, ఒకటి సమము చేసి, ఒక్కటియు ఓడక ప్రథమ స్థానమును పొందెను.

1929లో సర్ ఉమర్ లండనులోని ఇండియా కౌన్సిలు సభ్యుడై ఇంగ్లండునకు పోవుచు సుల్తాన్ ఖానును వెంట గొనిపోయెను. వసంతకాలమున లండను చేరిన ఈ ఆటగానికి అభ్యాసము కలిగించుటకై అచ్చటివారు ఒక చిన్న పోటీ నేర్పాటు చేసిరి. ఫలితము నిరాశ కలిగించెను. ఆయన కడపటి స్థానమును పంచుకొనెను. అందుకు కారణము నరయుట మనవంటి పుస్తకప్రియులకు ముఖ్యము.

ఐరోపాలో చదరంగము అప్పటికే పుస్తకములకెక్కిన విద్య. ఆటయొక్క మొదటి పది పదునైదు ఎత్తులను వారు ప్రారంభ విధానములని పిలిచి, ఒక్కొక్క విధానమునకు పేరుపెట్టి, శాఖోపశాఖలుగా పరిశోధించి అచ్చువేసియుండిరి. జర్మను భాషలో 1843లో వెలువడిన ఒక బృహద్గ్రంథము అటుపిమ్మట అనేక ముద్రణములు పొంది మూడు నాలుగు తరముల ఆటగాండ్రకు పాఠ్యగ్రంథమైనది. అటువంటి పుస్తకములు చదివి వచ్చినవాడు మొదటి పది ఎత్తులను క్షణములో ఆడి, గడియారమున కాలము మిగిల్చుకొనును. సుల్తాన్ ఖాన్ మొదటి ఎత్తునుండియు తనంత తాను ఆలోచింపవలసి వచ్చెను. ఇతరులు వందయేండ్లలో కూడబెట్టిన అనుభవమును ఆయన బల్ల ముందు కూర్చుండి, గడియారము నడచుచుండగా, స్వయముగా కనుగొనవలసి వచ్చెనన్నమాట. ఆరంభమున ఇరుకున పడి, మధ్యమున నిలదొక్కుకొని, అంత్యమున గెలుచుట ఆయనకు పరిపాటి యయ్యెను. విలియం వింటర్, యేట్స్ అను ఇరువురు ఆంగ్ల ఆటగాండ్రు స్నేహభావముతో ఆయనకు శిక్షణ ఇచ్చిరి. వారి మేలు మరువరానిది. ఏలననగా, ఆ పిమ్మట కొలది మాసములకే, 1929 వేసవిలో రామ్స్‌గేట్ పట్టణమున జరిగిన బ్రిటిషు ఛాంపియన్‌షిప్పులో సుల్తాన్ ఖాన్ ప్రథముడుగా వచ్చెను. సామ్రాజ్యము నేలుచున్న దేశపు బిరుదము, ఏలబడుచున్న దేశపు పల్లెటూరివాని వశమయ్యెను. అది మన దేశమున స్వరాజ్యోద్యమము ఉవ్వెత్తున లేచుచున్న కాలము.

ఆ శీతాకాలమున స్వదేశమునకు వచ్చి, 1930 మే నెలలో ఆయన మరల ఐరోపాకు పోయెను. అక్కడినుండి మూడున్నర సంవత్సరములు ఆయన ప్రతిష్ఠ పెరుగుచునే పోయెను. 1930లో బెల్జియమునందలి లియేజ్ పోటీలో టార్టకోవర్ తరువాత రెండవ స్థానము పొందెను. ఆ సంవత్సరాంతమున ఇంగ్లండు దక్షిణ తీరమునందలి హేస్టింగ్స్ పట్టణమున, ఏటేట క్రిస్మసు వేళ జరుగు పోటీకి పిలుపు వచ్చెను. ఈ వ్యాసమునకు కేంద్రమైన ఆట జరిగినది అచ్చటనే.

ప్రత్యర్థి హోసే రౌల్ కాపాబ్లాంకా. ఈయన 1888లో క్యూబా ద్వీపమున జన్మించెను. 1921 నుండి 1927 వరకు ప్రపంచ ఛాంపియను. 1916 మొదలు 1924 వరకు ఎనిమిదేండ్లు పోటీలలో ఒక్క ఆటయు ఓడనివాడు. ఆయనను మానవ యంత్రమని జనులు పిలిచిరి. 1927లో అల్యేఖినునకు బిరుదము కోల్పోయినను, ఆయనను ఓడించుట అరుదైన సంఘటనగానే లోకము భావించుచుండెను.

ఆ దినమున తెల్లబలము సుల్తాన్ ఖానుది. ఆయన మొదట రాజు ప్రక్క గుర్రమును బయటికి తెచ్చెను. కాపాబ్లాంకా మంత్రి వైపున గుర్రపు ముందరి బంటును ఒక్క గడి జరిపి, ఆ సందున శకటమును నిలిపి, దూరమునుండి బల్ల నడిమి గళ్లను కాచు పద్ధతిని అవలంబించెను. చదరంగ గ్రంథములలో దీని పేరు మంత్రి పక్షపు ఇండియన్ రక్షణము. ఈ పేరులో ఇండియా ఎందుకు చేరెనో చెప్పుకొనవలసియున్నది. 19వ శతాబ్ది నడుమ కలకత్తాలో న్యాయవాదిగానుండిన జాన్ కాక్రేన్ అను ఆంగ్లేయునితో మహేశచంద్ర బందోపాధ్యాయుడను వంగ బ్రాహ్మణుడు వందలకొలది ఆటలు ఆడెను. దేశీయ ఆటయందలి అలవాటుచొప్పున ఆయన బంట్లను ఒక్కొక్క గడియే జరిపి, శకటములను మూలలనుండి ప్రయోగించుచుండెను. కాక్రేన్ ఆ ఆటలను ఇంగ్లండునకు వ్రాసి పంపెను. ఆనాడు వింతగా తోచిన ఆ పద్ధతులకే 20వ శతాబ్దిలో ఐరోపావారు ఇండియన్ రక్షణములని పేరుపెట్టి, గౌరవముతో ఆడసాగిరి. కనుక హేస్టింగ్సులో ఆ దినమున క్యూబా దేశీయుడు భారతీయుని ఎదుట భారతీయమని పేరొందిన రక్షణము నాడుచుండెను. భారతీయుడో, దాని పుస్తకములను చదివినవాడు కాడు.

ఐదవ ఎత్తున సుల్తాన్ ఖాన్ బల్ల ఎడమ అంచున ఉన్న బంటును ఒక్క గడి ముందుకు జరిపెను. చూచుటకు ఇది వ్యర్థమైన ఎత్తువలె ఉండును. సేనలను బయటికి తెచ్చుటకు తొందరపడవలసిన వేళ అంచుబంటుతో పనియేమి? అయినను అందొక ప్రయోజనమున్నది. నల్ల శకటము వచ్చి తెల్ల గుర్రమును కట్టివేయుటకు అనువైన గడి ఒకటి కలదు. ఈ చిన్నబంటు ఆ గడికి కావలి కాయును. ఈ రక్షణమునకు ఎదురుగా ఇట్టి అంచుబంటు ఎత్తునే పిమ్మట ఆర్మీనియాకు చెందిన పెట్రోస్యాన్ ప్రయోగించి ప్రసిద్ధి గావించెను. ఆయన 1963లో ప్రపంచ ఛాంపియను అయినవాడు. ఆ విధానమునకు నేడు ఆయన పేరే నిలిచియున్నది. 1980 తరువాత కాస్పరోవ్ అదే ఆయుధముతో అనేక విజయములు గడించెను.

పండ్రెండవ ఎత్తున తెల్ల గుర్రము శత్రుసీమలోనికి దూకి, మరు ఎత్తున ఒక శకటమును పట్టెను. దానిని తిరిగి పట్టుటలో కాపాబ్లాంకా బంట్లు రెండు ఒకే నిలువు వరుసలో ఒకదాని వెనుక నొకటి చేరి బలహీనపడినవి. మిగిలిన నల్ల శకటము తన బంట్ల వెనుకనే చిక్కి, గోడ వెనుక నిలిచిన మనుష్యునివలె నిరుపయోగమయ్యెను. ఇటు సుల్తాన్ ఖాన్ కోట కట్టనేలేదు. ఆట ముగియువరకు కట్టలేదు. రాజును నడిమి భాగముననే ఉంచి, ఆ ప్రక్క బంట్లను ముందుకు తోలి, నల్ల గుర్రమును మొదటి వరుసకు తరిమివేసెను. పుస్తకముల ప్రకారము ఇది సాహసము. కోట యన్నది లేని ఆటలో పెరిగినవానికి మాత్రము రాజు నడుమనుండుట భయము గొలుపదు.

కాపాబ్లాంకా తన ఏనుగులు రెంటిని ఒకే వరుసలో నిలిపి, ఇరువది యొకటవ ఎత్తున వానిని తెల్లవారి ఇంటిలోనికే పంపి రాజుపై దాడి చేసెను. అంతట బలముల మార్పిడి జరిగెను. తెల్లవారి మంత్రి పోయెను, నల్లవారి ఏనుగులు రెండును పోయినవి. మన ఊళ్ల ఆటలలో మంత్రి పోయినవాడు సగము ఓడినట్లే భావించి చతికిలబడుట కద్దు. ఇచ్చట తెల్లవారికి రెండు ఏనుగులు, రెండు శకటములు మిగిలినవి. అవి ఒకదానినొకటి కాచుకొనుచు నిలిచినవి. నల్ల మంత్రి ఒంటరియై శత్రుశిబిరము చుట్టును తిరుగుచు, చొరబడు సందు కానక మరలిపోయెను.

ఆమీద జరిగినది ఓర్పుతో సాగిన ముట్టడి. గొప్ప బలిదానములుగాని, చూపరులు చప్పట్లు చరచు మెరుపు ఎత్తులుగాని అందు లేవు. సుల్తాన్ ఖాన్ రాజును భద్రమైన గడికి చేర్చి, ఏనుగులను తెరచిన వరుసకు తెచ్చి, ప్రత్యర్థి కదలికలను ఒక్కొక్కటిగా అరికట్టుచు పోయెను. బల్ల ముందు ఆయన ముఖమున సంతోషముగాని విచారముగాని కనబడెడిది కాదని చూచినవారు వ్రాసియున్నారు. అరువదియైదు ఎత్తులు ముగియుసరికి కాపాబ్లాంకా ఓటమి నంగీకరించెను.

ఆ పోటీలో హాలెండు దేశీయుడు ఊవే తొమ్మిది ఆటలలో 7 పాయింట్లతో ప్రథముడు. కాపాబ్లాంకా 6½ పాయింట్లతో ద్వితీయుడు. సుల్తాన్ ఖాన్ 6 పాయింట్లతో తృతీయుడు. ఈ ఒక్క ఆట సమమైయున్నను కాపాబ్లాంకా ప్రథమ స్థానమును పంచుకొనియుండెడివాడు. అయినను ఆయన మనసున కసి పెట్టుకొనలేదు. పిదప సుల్తాన్ ఖానును గూర్చి వ్రాయుచు, అసాధారణ ప్రతిభావంతుడని ప్రశంసించెను. ఆయన అట్టి మాట అందరిని గూర్చి పలుకువాడు కాడు.

1931లో పండ్రెండు ఆటల పోటీలో సుల్తాన్ ఖాన్ టార్టకోవరును 6½ - 5½ పాయింట్లతో ఓడించెను. ఆ సంవత్సరమే ప్రాగ్ నగరమున జరిగిన ఒలింపియాడులో ఇంగ్లండు జట్టునకు ప్రథమ ఫలకమున కూర్చుండి, 8 ఆటలు గెలిచి, 7 సమము చేసి, 2 మాత్రమే ఓడెను. గెలిచినవారిలో ఫ్లోర్, రూబిన్‌స్టైన్ కలరు; సమము చేసినవారిలో ప్రపంచ ఛాంపియను అల్యేఖిన్ కలడు. 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు ఛాంపియన్‌షిప్పు మరల ఆయనకే దక్కెను. 1933లో మరియొక విశేషము జరిగినది. సర్ ఉమర్ పరివారముననే ఉండిన ఫాతిమా అను యువతి బ్రిటిషు స్త్రీల ఛాంపియన్‌షిప్పును గెలుచుకొనెను. ఒక్క యింటనుండి వచ్చిన ఇరువురు భారతీయులు ఒకే సంవత్సరము ఆ దేశపు రెండు బిరుదములను చేపట్టిరి. ఫాతిమాను గూర్చి మన పత్రికలు ఇంత తక్కువగా వ్రాయుట విచారకరము.

ఈ విజయముల చాటున ఆయన పడిన బాధ తక్కువది కాదు. ఇంగ్లండు శీతలవాయువు ఆయనకు పడలేదు. తరచు జ్వరము, జలుబు, గొంతునొప్పి. మెడకు గుడ్డలు చుట్టుకొని ఆడుటకు వచ్చిన దినములు పెక్కు గలవు. ఇక రెండవ బాధ అవమానమునకు సంబంధించినది. దీనిని గూర్చి నేటికిని వివాదము తీరలేదు. 1933లో సర్ ఉమర్ తన యింట అమెరికా జట్టునకు విందు చేసినప్పుడు సుల్తాన్ ఖాన్ వడ్డన చేసెననియు, అతిథులు సిగ్గుపడిరనియు ఆ జట్టులోని ఫైన్ అను ఆటగాడు పిదప వ్రాసెను. దానినిబట్టి ఆయన నిరక్షరాస్యుడైన పరిచారకుడను మాట పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకినది. 2020లో ఆంగ్లమున వెలువడిన జీవితచరిత్రకు పేరులోనే సేవకుడను పదము చేరినది. ఆయన మనుమరాలు దీనిని గట్టిగా ఖండించినది. తమ వంశము భూవసతి గలదనియు, గురుపీఠ గౌరవము గలదనియు, ఆయనకు చదువను వ్రాయను వచ్చుననియు ఆమె తెలిపినది. పెద్దయింటికి అతిథి వచ్చినప్పుడు ఆ యింటి ఆశ్రితుడు, కొన్నియెడల కన్నకుమారుడే, స్వయముగా వడ్డించుట మన దేశమున మర్యాద. ఐరోపావారి కంటికి వడ్డించువాడు నౌకరు గానే కనబడును. ఫైన్ వ్రాసినది కన్నులార చూచినదే కావచ్చును. దాని అర్థమును గ్రహించుటలో పొరబడియుండుటకే ఎక్కువ అవకాశమున్నదని నాకు తోచుచున్నది. అయినను ఆయన రాకపోకలు ఆయన చేతిలో లేవనుట మాత్రము వాస్తవము. ప్రభువు పోయిన చోటికి పోవలెను, మరలినప్పుడు మరలవలెను.

అట్లే జరిగెను. 1933 డిసెంబరులో సర్ ఉమర్ స్వదేశమునకు బయలుదేరగా సుల్తాన్ ఖానును వెంట వచ్చెను. అప్పటికాయనకు ముప్పది యేండ్లు. చదరంగమునందు బుద్ధి పరిపక్వమగు వయసు అది. 1935లో ఖాడిల్కర్ అను మేటి ఆటగానితో పది ఆటలు ఆడి 9½ పాయింట్లు గడించెను. ఆ తరువాత గొప్ప పోటీలలో ఆయన పేరు వినబడలేదు. 1944లో సర్ ఉమర్ మరణించెను. ఆయన ఒసగిన భూమిని సేద్యము చేసికొనుచు, దేశవిభజనానంతరము పాకిస్తాను పౌరుడై, సుల్తాన్ ఖాన్ సర్గోధా ప్రాంతమున భార్యాబిడ్డలతో కాలము గడపెను. తన బిడ్డలకు ఆయన చదరంగము నేర్పలేదు. మీ జీవితములతో ఇంతకంటె ఉపయోగకరమైన పని చేయుడని వారికి చెప్పెనట. ఐరోపాను జయించినవాని నోట ఈ మాట వచ్చుట ఆశ్చర్యమే. అది విరక్తియో, గృహస్థుని వివేకమో, చదువరులు ఎవరికి తోచినట్లు వారు భావింపవచ్చును.

1950లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య మొదటిసారి గ్రాండ్‌మాస్టరు బిరుదములు పంచిపెట్టినప్పుడు, ఆట మానివేసి ఎన్నో ఏండ్లయిన రూబిన్‌స్టైన్‌కును బిరుదమిచ్చిరి. ఆయనను ఓడించిన సుల్తాన్ ఖాను పేరు జాబితాలో లేదు. 1966 ఏప్రిల్ 25వ తేదీన క్షయవ్యాధితో సర్గోధాలో ఆయన కన్నుమూసెను. 2024 ఫిబ్రవరిలో ఆ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదమును మరణానంతరము ప్రకటించెను. పాకిస్తాను దేశీయునకు ఆ బిరుదము దక్కుట అదియే ప్రథమము.